దిన్నె మట్టి

శౌరయ్య తన చేలో నిండుగా నిలిచిన నీళ్ళు చూసి ఏడ్చిన రోజున నేను ఆ గట్టు మీదే ఉన్నాను. నీళ్ళ కోసం బతుకంతా కొట్లాడిన మనిషి నీళ్ళు చూసి ఏడవడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. ఇంకెవరూ చూడాల్సిన పని లేకుండా పోవాలనే ఈ సంగతి చెబుతున్నాను.

పామర్రు దాటి కూచిపూడి వైపు వెళ్ళే దారిలో వేములదిన్నె అని ఒక ఊరుంది. ఊరికి ఎడంగా పేట, పేటను ఆనుకుని దిన్నె చేలు. చుట్టూ కాలువ నీళ్ళు పారే పల్లపు పొలాలు ఊరివాళ్ళవి. మధ్యలో మెరకగా లేచిన దిన్నె పేటవాళ్ళది. ఎప్పుడో భూములు పంచిన రోజుల్లో ప్రభుత్వం వాళ్ళకిచ్చింది. ఇవ్వడంలో పెద్ద ఔదార్యమేమీ లేదు లెండి. కాలువ నీళ్ళెక్కని భూమి గనుక ఎవరికీ అక్కర్లేకపోయింది, ఎవరికీ అక్కర్లేదు గనుక పేదవాడి పేరు మీద రాశారు. మన దగ్గర దానధర్మాలు చాలావరకు ఇలాగే జరుగుతాయి.

ఆ గొడ్డు దిన్నెను చేనుగా మార్చింది శౌరయ్య తండ్రి తరం. వేసవిలో కాలువ కట్టేయగానే ఆడా మగా దిగి, అడుగున పేరుకున్న ఒండ్రును తట్టలకెత్తి మోసుకొచ్చి పోశారు. గొర్రెల మందలు పెట్టించారు. జీలుగ చల్లి, ఏపుగా ఎదిగాక అక్కడే కలియదున్నారు. పాకలో పేడ, పొయ్యిలో బూడిద ఒక్క తట్ట కూడా బయటికి పోనివ్వలేదు. అలా ఒక తరం మోస్తే, వేలు పెడితే దిగిపోయే నల్లటి మట్టి తయారైంది. బోదెలో నీళ్ళు ఇంజన్లతో తోడిపోసుకుని ఒక్క వరి పంట పండించేవాళ్ళు. కోతకు ముందే ఆ తడిలో మినుములు చల్లేవాళ్ళు. అంతే. కానీ ఆ ఒక్క పంటతోనే పేటంతా ఏడాది పొడుగునా సొంత బియ్యం తినేది. పిల్లకు నలతగా ఉన్నా, ఇంట్లో చావు జరిగినా ఎవరి గుమ్మం ముందూ గిన్నె పట్టుకుని నిలబడే అవసరం రాలేదు. పేటవాళ్ళు పోగొట్టుకున్నది ఇదే. మిగతా మాటలన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

శౌరయ్య కాలువ మీద లస్కరుగా పనిచేశాడు. తూము తలుపులెత్తడం, దించడం, వంతు తప్పి గండి కొట్టినవాణ్ణి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఊరందరి చేలకూ ఆయన చేత్తో నీళ్ళు వదిలాడు. తన చేనికి మాత్రం ఒక్క చుక్క ఎక్కలేదు. రాత్రింబవళ్ళు ఇంజను కొట్టి, డీజిలు పోసి, అలసిపోయి, ఎప్పుడైనా తూమెత్తగానే నా చేలోకీ నీళ్ళు గలగలా పరిగెత్తుకొస్తాయా అని కలలు కన్నాడు. ఆ కలను పసిగట్టినవాడు జయదేవ్.

జయదేవ్ విజయవాడలో కాంట్రాక్టరు. పామర్రు రోడ్డు పక్కన కొత్తగా వెంచర్ వేశాడు. పల్లపు పొలాన్ని ఇళ్ళ స్థలాలు చెయ్యాలంటే మెరక తోలాలి, మెరక తోలాలంటే మట్టి కావాలి. కారు దిగి నేరుగా శౌరయ్య అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ ఎన్నడూ కూర్చోని అరుగు అది. శౌరయ్య భార్య అమలమ్మ ఇచ్చిన టీ తాగాడు. సగం మోసం అక్కడే జరిగిపోయింది.

"పెద్దాయనా, మీకు పైసా ఖర్చు లేదండీ. జానెడు మట్టి తీసుకెళ్తాం, అంతే. మీ మెరక పల్లమవుద్ది. తూమెత్తితే నీళ్ళు వాటంతటవే వచ్చేస్తాయి. రెండు పంటలు వేసుకోండి" అన్నాడు.

సాయంత్రం పేటలోని చర్చి గుడి ముందు అందరూ కూడారు. శౌరయ్య తమ్ముడి భార్య, భర్త పోయిన తెరేసమ్మ ఒక్కతే అడ్డం పడింది. ఆమెకు మట్టి గురించి శాస్త్రం తెలిసి కాదు. ఉన్నవాడు ఊరికే ఏదైనా చేస్తానంటే ఆమెకు భయం.

"పైన మట్టి పోతే ఏమవుద్ది బావా?"

"ఏమవుద్ది? కింద లేదా? పైదీ మట్టే, కిందదీ మట్టే. నీళ్ళుంటే రాయి మీదైనా పండుద్ది తెరేసమ్మా! ఈ చేతుల్తో ఎంతమందికి నీళ్ళు పెట్టాను, నాకు తెలీదా?"

నీళ్ళ గురించి శౌరయ్య మాటంటే పేటకు అది తిరుగులేని మాట. దిన్నెకు తూర్పు సగం, తూర్పు చెక్క రైతులంతా ఒప్పుకున్నారు. తెరేసమ్మది పడమటి చెక్క. "మాది తర్వాత చూద్దాం లెండి" అని ఆ వైపు వాళ్ళు వెనక్కి తగ్గారు. డెల్టాలో పుట్టినవాడికి మాత్రమే సాధ్యమైన పొరపాటు ఇది. మెట్ట ప్రాంతం రైతు మట్టిని ఇంత తేలిగ్గా వదులుకోడు. ఇక్కడ మాత్రం పుట్టినప్పటినుంచీ కాలువ వైపే చూస్తూ, నీళ్ళ కోసమే కొట్టుకుంటూ పెరిగినవాళ్ళం. కాలి కింద ఉన్నది కూడా తరిగిపోతుందని మనకు తట్టదు.

జానెడన్నవాడు నడుం లోతు తవ్వాడు. పొక్లెయిన్ నల్లమట్టిని గోకి గోకి టిప్పర్లకెత్తింది. ఆ టిప్పర్లలో ఒకటి నడిపింది తెరేసమ్మ కొడుకు ఫిలిప్. పెదనాన్న చేలో మట్టిని తానే ఎత్తుకెళ్ళాడు. వాణ్ణి తప్పుపట్టేవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. పేటలో డ్రైవింగు నేర్చుకున్న కుర్రాడికి జయదేవ్ బండి కాకపోతే ఇంకెవడి బండి దొరుకుతుంది?

జూలైలో కాలువ వదిలారు. శౌరయ్య తలపాగా చుట్టుకుని తానే వెళ్ళి తూమెత్తాడు. నీళ్ళొచ్చాయి. నిజంగానే గలగలా వచ్చాయి. పేట పిల్లలు వాటి వెంట పరిగెత్తారు. అమలమ్మ గట్టు మీద నిలబడి చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్విందని ఇప్పటికీ చెబుతారు.

వచ్చిన నీళ్ళు పోలేదు. నాట్లు వేసిన మొక్క నాలుగాకులు వేసి ఆగిపోయింది. పిలకలు రాలేదు. పచ్చబడుతుందని యూరియా చల్లారు, ఆకు పచ్చబడి మళ్ళీ పండింది. చేలో అడుగు పెడితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. విజయవాడ భవానీపురంలో ఉన్న మా కౌలురైతుల సంఘం ఆఫీసుకు తెరేసమ్మ ఫోను చేసింది అప్పుడే. నేను, నాతో పాటు మట్టి మీద జీవితమంతా పరిశోధన చేసి రిటైరైన రమాసుందరి గారు వెళ్ళాం.

ఆమె చెప్పులు వదిలేసి చీర కుచ్చెళ్ళు ఎగదోపి చేలోకి దిగారు. తూర్పు చెక్కలో ఒక దుబ్బు పీకించారు, పడమటి చెక్కలో ఒక దుబ్బు పీకించారు. రెండూ బోదెలో కడిగి గట్టు మీద పక్కపక్కన పెట్టారు. తెరేసమ్మ చేలో దుబ్బుకు తెల్లటి వేళ్ళు గుబురుగా వేలాడుతున్నాయి. శౌరయ్య చేలో దుబ్బుకు నాలుగు నల్లటి పీచులు. అవి కూడా కిందికి దిగలేక, గోడ తగిలినట్టు అడ్డంగా తిరిగి ఉన్నాయి.

"మొక్క తినేది వేరుతోనేనండీ" అన్నారు ఆమె. "మీవాళ్ళు తట్టలతో మోసిన పై మట్టి బతికున్న మట్టి. అందులో వానపాములున్నాయి, కంటికి కనపడని జీవాలు కోట్లున్నాయి. అవే వేరు దిగడానికి దారులు చేస్తాయి, తిండి వండి పెడతాయి. కిందున్న ఈ తెల్ల సుద్ద గాలీ వెలుతురూ చూడని మట్టి. దాని మీద పొక్లెయిన్ తిరిగింది, టిప్పర్లు తిరిగాయి. అరుగులా గట్టిపడింది. నీళ్ళు ఇంకవు, వేరు దిగదు. గాలాడక కుళ్ళిపోతోంది."

"ఇంకో రెండు కట్టలు యూరియా కొడితే కోలుకోదా అమ్మగారూ?" అని ఎవరో అడిగారు.

"నోరు మూసుకుపోయిన మనిషికి ఎంత వడ్డిస్తే ఏం లాభమండీ?"

శౌరయ్య ఆ రెండు దుబ్బుల్నీ చేతుల్లోకి తీసుకున్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఆయన బతుకంతా కోరుకున్న నీళ్ళే అవి. "నేనే చెప్పాను గదా అమ్మా అందరికీ" అన్నాడు నాతో. తర్వాత ఏడ్చాడు. అమలమ్మ నీళ్ళలోకి దిగి ఆయన చెయ్యి పట్టుకుని గట్టెక్కించింది.

ఆ ఏడాది తూర్పు చెక్కలో కొడవలికి పనిలేదు. నీళ్ళింకని సుద్దలో లోపల తడి లేక మినుములు కూడా మొలిచి మాడిపోయాయి. పేటలో సగం ఇళ్ళలో ఏడాదికి సరిపడే బియ్యం బదులు రేషను బియ్యం మిగిలింది. అది నెల తిరిగేదాకా వచ్చేది కాదు. అమలమ్మ మడమలు పగిలిన కాళ్ళతో ఊరివాళ్ళ చేలకు కూలికి వెళ్ళేది. సాయంత్రం నూకలు తెచ్చి వండేది. శౌరయ్య ముందు పళ్ళెం పెడితే ఆయన సగం తిని, "కడుపు నిండిందే" అని లేచిపోయేవాడు. నిండలేదని ఆమెకు తెలుసు. మిగిలిన సగం ఆమెకోసమేనని ఇద్దరికీ తెలుసు. మన డెల్టాను అన్నపూర్ణ అంటారు సభల్లో. ఆ మాట అనేవాళ్ళను తీసుకొచ్చి ఈ పళ్ళెం ముందు కూర్చోబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

కష్టం వచ్చినప్పుడు మనుషులు కలుస్తారని పుస్తకాల్లో రాస్తాం. ఆకలేసినప్పుడు ముందు తిట్టుకుంటారు. కుళాయి దగ్గర అమలమ్మ బిందె పెడితే పక్కకు తోసేశారు. "మీ ఆయన చెప్పబట్టే గదా మా నోట్లో మన్ను పడింది" అన్నారు. తెరేసమ్మ వాళ్ళ గడప తొక్కడం మానేసింది.

సరిగ్గా అప్పుడే జయదేవ్ మళ్ళీ దిగాడు. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. కారు అద్దం దించి మాట్లాడాడు.

"మురుగు కాలువ పడమటి వైపుంది గదా. ఆ చెక్క మెరకగా ఉంటే మీ నీళ్ళెట్టా పోతాయి? అది కూడా తీసేస్తే మొత్తం ఒక లెవెలుకొస్తది. పర్మిషన్ మొత్తం దిన్నెకి తెచ్చాను. మీ మేలుకే చెప్తున్నా."

చూశారా తెలివి! మట్టి పోయినవాణ్ణి మట్టి ఉన్నవాడి మీదికి ఉసిగొల్పాడు. ఆ ఆదివారం పూజ అవగానే గుడి ముందు మీటింగు పెట్టాం. అది మీటింగు కాదు, కొట్లాట.

"మీ చెక్క తీయిస్తేనే మా చేను ఆరుద్ది! మా పిల్లలు పస్తులుంటే మీరు తెల్లన్నం తింటారా?" తూర్పు వాళ్ళు అరిచారు.

"మీరు తవ్వించుకుని మా కొంప కూడా తవ్వమంటారేంట్రా!" పడమటి వాళ్ళు లేచారు.

నేను చెప్పడానికి ప్రయత్నించాను. మురుగుకు బోదె తవ్వుకుంటే చాలు, చేను తవ్వక్కర్లేదన్నాను. పడమటి చెక్క కూడా పోతే పేటలో ఒక్క పొయ్యికీ సొంత గింజ ఉండదన్నాను. "నువ్వు సాయంత్రం బస్సెక్కి బెజవాడ పోతావు చందనమ్మా, మాకు చెప్పమాక" అన్నారు. నిజమే. నేను సాయంత్రం బస్సెక్కాను.

చివర్లో శౌరయ్య లేచి నిలబడ్డాడు. గోల సద్దుమణిగింది.

"నా మాట విని చెడిపోయారు. ఇయ్యాల ఇంకోమాట చెప్తా, వినండి. పడమటి చెక్క తియ్యనియ్యకండి. మన మట్టి మన నాన్నలు మోస్తే వచ్చింది. మళ్ళీ మోద్దాం. కాలువ కట్టేశారు, అడుగున ఒండ్రుంది. అందరం దిగితే..."

"నువ్వు మొయ్యవయ్యా! పోగొట్టింది నువ్వే గదా!" ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వు విని అమలమ్మ తల వంచుకుంది.

మర్నాటి నుంచి ఆయన నిజంగానే మోశాడు. మే నెల ఎండలు మీకు తెలుసు. కాలువ అడుగున నెర్రెలు విచ్చిన ఒండ్రు పారతో చెక్కి, తట్టకెత్తి, గట్టెక్కి, చేను దాకా నడిచి ఒక మూల పోసేవాడు. అమలమ్మ కూలి నుంచి రాగానే తానూ ఒక తట్ట అందుకునేది. దారి పొడుగునా ఇళ్ళున్నాయి. అరుగుల మీద మనుషులున్నారు. అందరూ చూశారు. ఒక్కరు కూడా లేచి తట్ట పట్టలేదు. ఇంత పెద్ద చేనికి ఆ తట్టలు ఏ మూలకు వస్తాయని వాళ్ళు అనుకున్నారు. వాళ్ళు అనుకున్నది తప్పేమీ కాదు. ఒక్క మనిషి మోస్తే ఏ మూలకూ రాదు.

పర్మిషనుంది గదా అని, పడమటివాళ్ళు ఒప్పుకోకుండానే ఆ చెక్కలోకి పొక్లెయిన్ దించేందుకు జయదేవ్ మనుషులు బాట వేయడం మొదలుపెట్టారు. బాట కోసం కంకర తెచ్చే టిప్పరు నడిపేది ఫిలిప్. మిట్టమధ్యాహ్నం వాడు దిన్నె మలుపు తిరిగేసరికి, చేలో పెదనాన్న తట్టతో సహా కూలిపోవడం కనిపించింది. వాడు బండి వదిలేసి పరిగెత్తాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నోట మాట లేదు. టిప్పరు ముందు సీట్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తోలుకెళ్ళాడు. దారిలోనే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు డాక్టర్లు. వాళ్ళు చూసింది ఒంటినే గనుక అంతవరకే చెప్పగలిగారు.

నేను వెళ్ళేసరికి పేటంతా శౌరయ్య వాకిట్లో ఉంది. తెరేసమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "బావా, ఒక్క తట్టన్నా అందుకోలేదే నేను" అని గుండెలు బాదుకుంటోంది. ఫిలిప్ గోడకానుకుని నిలబడ్డాడు, వాడి చొక్కా నిండా ఎండిన ఒండ్రు. అమలమ్మ ఏడవడం లేదు. భర్త చేతివేళ్ళ సందుల్లో మట్టిని తడిగుడ్డతో తుడుస్తోంది. ఎంత తుడిచినా గోళ్ళలోది రాలేదు. చివరికి వదిలేసి, "ఉండనీలే" అంది.

పేట సమాధుల దొడ్డి దిన్నె చివర, తూర్పు చెక్కను ఆనుకుని ఉంది. అదీ ఒకప్పుడు ఒండ్రు మోసి పోసిన నేలే, చచ్చినవాళ్ళ చోటు గనుక పొక్లెయిన్ దాన్ని ముట్టుకోలేదు. తెల్లవారగానే కుర్రాళ్ళు గుంట తవ్వడం మొదలుపెట్టారు. తవ్వుతున్న ఫిలిప్ మధ్యలో ఆగిపోయాడు. పార కింద పెట్టి, "చందనక్కా, ఇట్టా రండి, ఇది చూడండి" అన్నాడు.

గుంట గోడ నిలువునా కోసినట్టుంది. పైనుంచి మోకాలి లోతు దాకా నల్లటి మట్టి. అందులో గడ్డి వేళ్ళు, పక్కనున్న వేపచెట్టు వేళ్ళు అల్లుకుపోయి ఉన్నాయి. తెగిన వానపాము ఒకటి మెలికలు తిరుగుతోంది. దాని కింద తెల్లటి సుద్ద. ఆ సుద్దలోకి కూడా వానపాములు చేసిన సన్నటి బొక్కల గుండా వేళ్ళు దిగి ఉన్నాయి. గుంట అంచున నిలబడి పక్కకు చూస్తే తూర్పు చెక్క. అక్కడ పైనంతా ఆ తెల్ల సుద్దే, ఎండకు పలకలు పలకలుగా పగిలి ఉంది. ఏది ఉండేదో, ఏది పోయిందో మేం ఎన్ని మీటింగుల్లో చెప్పినా తలకెక్కని విషయం ఆ గుంట చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తొంగి చూశారు. నవ్వినవాళ్ళు కూడా చూశారు.

ఫాదర్ గారు ప్రార్థన ముగించారు. పెట్టె దించారు. మనవాళ్ళ ఆచారం ప్రకారం ఒక్కొక్కరు వచ్చి పిడికెడు మట్టి వేస్తారు. అందరికంటే ముందు అమలమ్మ వంగింది. పిడికెడు తీసుకుని వేసింది. ఇంకో పిడికెడు తీసుకుంది. అది వెయ్యకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వెనక జనం ఎదురుచూస్తున్నారు.

"ఈయనకి ఈ మట్టి చాలు" అంది అందరికీ వినపడేలా. "చేనికి కావాల్సింది రోడ్డు పక్కన గుట్టపోసుంది. మోసి మోసి ఈయన పోయాడు. నేను పోయి తెచ్చుకుంటా. వచ్చేవాళ్ళు రండి."

ఆమె చెప్పిన గుట్ట జయదేవ్‌ది. దిన్నె నుంచి తవ్విన మట్టి సగం వెంచర్లో పరిచి, మిగతాది రేటు పెరిగాక అమ్ముదామని రోడ్డు పక్కన పోసి పెట్టాడు. వడ్లు గోదాములో దాస్తే దొంగ నిల్వదారుడంటాం. వడ్లు పండే మట్టినే దాచినవాణ్ణి ఏమనాలో మన భాషలో ఇంకా మాట పుట్టలేదు.

సమాధి పూడ్చి ఎవరూ ఇళ్ళకు పోలేదు. చావు బట్టలతోనే బయలుదేరారు. దారిలో ఇళ్ళలోంచి తట్టలు, గంపలు, యూరియా సంచులు తెచ్చుకున్నారు. తూర్పు వాళ్ళూ పడమటి వాళ్ళూ ఎవరెవరో నాకు తెలియలేదు. తెరేసమ్మ అమలమ్మ పక్కకొచ్చి, "అక్కా, ఆ తట్ట నాకియ్యి" అంది. అమలమ్మ ఇచ్చింది.

గుట్ట మీద గడ్డి మొలిచి ఉంది. కాపలావాడు అడ్డం వచ్చి, ఇంతమందిని చూసి పక్కకు తప్పుకున్నాడు. ముందు అమలమ్మ పార దించింది. ఎత్తేవాళ్ళు ఎత్తారు, మోసేవాళ్ళు మోశారు. రోడ్డు వెంట దిన్నె దాకా మనుషుల బారు తయారైంది, తట్టలు చేతులు మారుతూ నడిచాయి. నిన్నటి కంకర దించేసి ఫిలిప్ ఖాళీ టిప్పరు తెచ్చి గుట్ట పక్కన ఆపాడు.

"ఇందులో పొయ్యండి. తోలుకెళ్ళింది నేనే. తోలుకొస్తా."

రమాసుందరి గారు అప్పటికి వచ్చారు. గుట్టలో చెయ్యి పెట్టి చూసి నన్ను పక్కకు పిలిచారు. ఆమె మొహంలో దిగులు.

"చందనా, వాళ్ళకి అబద్ధం చెప్పొద్దు. ఇన్నాళ్ళు గుట్టలో పడున్న మట్టి ఇది. లోపల చాలావరకు చచ్చిపోయుంటుంది. పోసినంత మాత్రాన చేను కాదు. జీలుగ వెయ్యాలి, పేడ వెయ్యాలి, మళ్ళీ జీవం పట్టాలి. ఏళ్ళు పడుతుంది."

నేను దాచలేదు. అమలమ్మకు చెప్పాను. ఆమె తట్ట దించకుండానే వింది.

"నేనుండగా వస్తదా?"

"మునుపటంత రాకపోవచ్చంటున్నారు అమలమ్మగారూ."

"మా మావగారు మోసినప్పుడు కూడా ఆయనుండగా రాలేదమ్మా" అంది. తట్ట సర్దుకుని నడిచింది.

ఎండ వాలకముందే పోలీసులొచ్చారు. వెనకాల కారులో జయదేవ్. "మట్టి దొంగతనం, బండి దొంగతనం" అని ఎస్.ఐ. అరిచాడు. ఫిలిప్‌ను టిప్పరులోంచి లాగి కొట్టారు. అడ్డుపడిన తెరేసమ్మ చెయ్యి విరిచి వెనక్కి కట్టారు. తట్టలు తన్నేశారు. రోడ్డంతా నల్లమట్టి. దాని మీద బూట్లు. ఆ మట్టిని చేతుల్తో కూడదీస్తున్న అమలమ్మను రెక్క పట్టుకుని వ్యానెక్కించారు. నన్నూ ఎక్కించారు. వ్యాను కదిలేటప్పుడు వెనక్కి చూస్తే, మిగిలినవాళ్ళు మళ్ళీ వంగి తట్టలు నింపుకుంటున్నారు.

స్టేషనులో మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టారు. ఫిలిప్ పెదవి చిట్లి రక్తం కారుతోంది. తెరేసమ్మ చెయ్యి వాచిపోయింది. జయదేవ్‌తో కాసేపు మాట్లాడి వచ్చి ఎస్.ఐ. గొంతు మెత్తగా మార్చాడు.

"చూడమ్మా, మీ ఆయన పోయాడంట, పాపం. ఆ మట్టి జయదేవ్ గారిదని ఒప్పుకుని, మళ్ళీ దాన్ని ముట్టుకోం అని చెప్పండి. కేసు లేకుండా ఇంటికి పంపిస్తా."

అమలమ్మ ఆయన వైపు చూసింది. ఒక పూట కిందట భర్తను పూడ్చిపెట్టిన మనిషి. పొద్దుటి నుంచి ఆమె గొంతులో నీటిచుక్క దిగలేదు.

"మా మావగారు మోశారండీ ఆ మట్టి. మా అత్తగారు మోసింది. మా ఆయన ప్రాణం పోయేదాకా మోశాడు. ఆ బాబు ఒక్క తట్ట మోశాడేమో అడగండి. మోసుంటే ఆయనదేనని చెప్తాను."

ఎస్.ఐ. మొహం మారిపోయింది. కేసు రాయమని కానిస్టేబుల్‌కు చెప్పాడు. అంతలో వాకిట్లో ఇంకో వ్యాను ఆగింది. దాంట్లోంచి ఆడవాళ్ళను దించుతున్నారు. మోచేతుల దాకా మట్టి. పేటవాళ్ళేమోనని మేం లేచి నిలబడ్డాం. ఒక్క మొహం కూడా మాకు తెలిసింది కాదు.

"ఎవరమ్మా మీరు? ఏ ఊరు?" అమలమ్మ అడిగింది.

ముందున్న ముసలామె కాలువకు అవతలి వైపు ఊరి పేరు చెప్పింది. తన పేరు జీవరత్నమని చెప్పింది. రోడ్డు మీద జనాన్ని చూసి, సంగతి తెలిసి వచ్చారట.

"మా చేలలో మట్టి కూడా ఆ గుట్టలోనే ఉందమ్మా. మాకూ ఇట్టాగే నీళ్ళెక్కుతాయనే చెప్పాడు" అందామె.

అమలమ్మ మళ్ళీ నేల మీద కూర్చుంది. తర్వాత గోడ వైపు జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి. బయటికెళ్ళాక ముందు మీ చేనికి మోద్దాం. మాకు అలవాటైంది" అంది.

అవతలి గదిలో ఎస్.ఐ. మూడో వ్యాను కోసం ఫోను చేస్తున్నాడు.